మబ్బులో నీళ్లు – ముంతలో నీళ్లు

మబ్బులో నీళ్లు చూచి ముంతలో నీళ్లు ఒలకబోసికొనవద్దని తెలుగునాట ఒక పాత సామెత. వానకై ఎదురుచూచి బ్రతికిన నేలలో పుట్టిన మాట గనుక అందులో వేదాంతము కన్న అనుభవమే అధికము. మబ్బు కంటికి కనిపించును. అది మన ఊరిపై కురియునో, గాలికి పొరుగు తాలూకాకు తరలిపోవునో చెప్పగలవారు లేరు. ముంతలోని నీరు కొంచెమే అయినను దప్పిక వేసిన క్షణమున పెదవికి అందును. ఈ మాట చెప్పిన పెద్దలు కంప్యూటరును కలలోనైన ఎరుగరు. అయినను నేటి విద్యార్థి తన చదువును, తన వ్రాతను, తన సర్టిఫికెట్లను దాచుకొనుచున్న చోటికి లోకము పెట్టిన పేరు కూడ మబ్బే అగుట వింత. క్లౌడ్ అను పదమునకు అర్థము అదియే గదా!

మబ్బులో దాచుకొనుట తప్పని మేము చెప్పబోము. ఫోను పోయినను, ల్యాప్‌టాప్ చెడినను, వ్రాసినది నిలిచియుండుట ఆ సౌకర్యము వలననే. మేము చెప్పదలచినది వేరు. మబ్బును నమ్మి ముంతను ఖాళీ చేయు ఏర్పాటు నేడు మనము అడుగకయే జరిగిపోవుచున్నది. దానిని తిప్పివేయుట మన చేతిలోనే ఉన్నది. ఈ రెండు సంగతులను విద్యార్థుల ముందును, కళాశాల కమిటీ పెద్దల ముందును ఉంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ముందుగా ఈ ఏర్పాటు ఎట్టిదో చూతము. కంప్యూటరులో ఒక ప్రత్యేకమైన ఫోల్డరు ఉండును. అందులో పెట్టిన ప్రతి ఫైలు ఇంటర్నెట్ ద్వారా దూరమున ఉన్న సర్వరుకు చేరును. ఇక్కడ ఒక అక్షరము మార్చినచో అక్కడను మారును. అక్కడి నుండి మన ఫోనుకును, మరియొక కంప్యూటరుకును ఆ మార్పు చేరును. దీనినే సింక్ అందురు. 2008లో డ్రాప్‌బాక్స్ ప్రజలకు అందుబాటులోనికి వచ్చిన నాడు పద్ధతి సరళముగా ఉండెను. సర్వరులో ఒక ప్రతి, మన డిస్కులో ఒక పూర్తి ప్రతి. నెట్ పోయినను ఫైలు పోదు. మనము వ్రాసికొనుచు పోవచ్చును. నెట్ వచ్చిన పిదప రెండు ప్రతులు తమంత తాము సరిపడును.

కాలక్రమమున రెండు మార్పులు వచ్చినవి. ల్యాప్‌టాపులలో పెద్ద హార్డ్ డిస్కుల స్థానమున వేగము గల ఎస్‌ఎస్‌డిలు చేరినవి. ధర ఎక్కువ గనుక వాని పరిమాణము 128 జీబీకో, 256 జీబీకో కుదించుకొనిపోయినది. అదే కాలమున సంస్థలు మబ్బులో ఒక టీబీ, అనగా సుమారు 1,000 జీబీ చోటును చందాదారులకు ఇవ్వసాగినవి. చెరువు నీరంతయు కుండలో పట్టదు గదా! అందుచేత కంప్యూటరులో ఫైలు పేరును మాత్రమే చూపి, అసలు ఫైలును సర్వరులోనే ఉంచి, మనము తెరిచినపుడు మాత్రమే దింపు పద్ధతిని కనిపెట్టిరి.

ఈ పద్ధతి చరిత్ర గమనింపదగినది. 2013లో విండోస్ 8.1తో మైక్రోసాఫ్ట్ దీనిని ప్రవేశపెట్టెను. పేరు కనిపించుచున్నది గనుక ఫైలు ఉన్నదని జనులు నమ్మిరి. నెట్ లేనిచోట తెరువబోయి నిరాశపడిరి. ఈ గందరగోళమును ఒప్పుకొని ఆ సంస్థయే 2015 నాటి విండోస్ 10లో దానిని తొలగించెను. చోటు చాలని వారు మరల కోరగా, 2017లో ఫైల్స్ ఆన్ డిమాండ్ అను పేరుతో అది తిరిగి వచ్చెను. ఈ పర్యాయము గందరగోళము లేకుండుటకు ప్రతి ఫైలు ప్రక్కన ఒక గుర్తు ఉంచిరి. గుర్తులు వచ్చినవి, కాని ఆ గుర్తులను చదువ నేర్చినవారు ఎందరు?

ఆ గుర్తులు మూడు. నీలి రంగు మబ్బు బొమ్మ ఉన్నచో ఫైలు మన యంత్రములో లేదు, పేరు మాత్రమే ఉన్నది. ఆకుపచ్చ అంచు గల తెల్లని వలయములో ఆకుపచ్చ టిక్కు ఉన్నచో, ఒకసారి తెరిచినందున ఫైలు దిగియున్నది. కాని చోటు కావలసి వచ్చినపుడు యంత్రము దానిని తిరిగి ఖాళీ చేయవచ్చును. నిండు ఆకుపచ్చ వలయములో తెల్లని టిక్కు ఉన్నచో, దానిని ఎల్లప్పుడు ఇక్కడనే ఉంచుమని మనము ఆజ్ఞాపించితిమని అర్థము. ఈ మూడవది ఒక్కటే ముంతలోని నీరు. సందేహము ఉన్నవారు ఫైలుపై కుడి బటను నొక్కి ప్రాపర్టీస్ చూడవచ్చును. అచట ఫైలు పరిమాణము ఎంతో చెప్పు అంకె ఒకటి, డిస్కుపై అది ఆక్రమించిన చోటును తెలుపు అంకె మరియొకటి ఉండును. మబ్బు గుర్తు గల ఫైలునకు రెండవ అంకె సున్న. హోటలులో మెనూ కార్డు చదివినంత మాత్రమున కడుపు నిండదు. ఆ కార్డు వంటిదే ఆ పేరు.

మనము ఏమియు చెప్పనపుడు యంత్రము అనుసరించు నియమమును డిఫాల్ట్ అందురు. క్రొత్త ల్యాప్‌టాపులో అకౌంటు తెరిచిన విద్యార్థిని ఎవరును కూర్చుండబెట్టి, నీ ఫైళ్లు నీ దగ్గర ఉండవలెనా, దూరమున ఉండవలెనా అని అడుగరు. నిత్యము తెగని నెట్, ఇరుకైన డిస్కు గలవారిని మనస్సులో ఉంచుకొని ఆ నియమమును నిర్ణయించిరి. అది వారి దేశకాలములకు తగియుండవచ్చును. మన పట్టణములలో పరిస్థితి వేరు. మురుగు కాలువ కొరకు త్రవ్వినను, రోడ్డు వెడల్పు చేసినను మొదట తెగునది ఫైబర్ తీగ. కరెంటు పోయినచో ఇంటిలోని రౌటరు ఆరిపోవును. బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ మాత్రము వెలుగుచుండును. నెలాఖరున మొబైల్ రీచార్జి గడువు ముగిసి, అది మరల చేయించుటకు తండ్రి కూలి డబ్బు వచ్చు శనివారము వరకు ఆగు విద్యార్థులు మా తరగతులలో ఉన్నారు. అట్టి వారి విషయమున ఈ డిఫాల్ట్ అసౌకర్యము మాత్రమే కాదు, అన్యాయము కూడ.

ఒక ఉదాహరణము. మా విభాగము జరిపిన సెమినారులో డిగ్రీ చివరి సంవత్సరపు విద్యార్థిని ఒకరు బీడీలు చుట్టు స్త్రీల ఆదాయ వ్యయములపై పత్రము సమర్పింపవలసియుండెను. రెండు నెలలు ఇల్లిల్లు తిరిగి, వేయి బీడీలకు కూలి ఎంత, ఆకు తరుగు క్రింద కోత ఎంత, మందులకు ఖర్చు ఎంత అని అడిగి, ఉర్దూలో విన్నదానిని తెలుగులో వ్రాసికొని, పట్టికలు వేసెను. అన్నగారి ల్యాప్‌టాపులో ఆ ఫైళ్ల పేర్లన్నియు వరుసగా ఉన్నవి. ఆ ఉదయము వీధిలో జేసీబీ తీగను త్రెంచినది. ఫైలుపై నొక్కినపుడెల్ల ఇంటర్నెట్ చూచుకొనుమను మాట తప్ప మరేమియు రాలేదు. ఆ అమ్మాయి తడబడక ఇరువది నిమిషములు జ్ఞాపకముతోనే మాట్లాడెను, సభలోనివారు మెచ్చుకొనిరి. కాని ఆ స్త్రీలు నోరు తెరిచి చెప్పిన అంకెలను ఆనాడు ఎవరును చూడలేదు. వారి ఇండ్లలోని లెక్క మబ్బులోనే ఉండిపోయెను. ఆ అమ్మాయి చదువులో లోపము లేదు, శ్రద్ధలో లోపము లేదు. లోపము, ఎవరును ఆమెకు చెప్పని ఒక గుర్తులో ఉన్నది.

మన వార్షిక సంచిక సంగతి కూడ ఇచ్చట చెప్పదగినదే. కుడి నుండి ఉర్దూ, ఎడమ నుండి తెలుగు నడచివచ్చి నడుమ కలిసికొను సంచిక మనది. ఇట్టి సంచికలకు ఉర్దూ పుటలను ఇన్‌పేజ్‌లోను, తెలుగు పుటలను అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లోను కూర్చు అలవాటు అచ్చు కార్యాలయములలో ఇంకను కలదు. ఈ ఫైళ్లు బ్రౌజరులో తెరుచుకొనవు. వానికి తగిన సాఫ్ట్‌వేరు, తగిన ఫాంటు ఉన్న కంప్యూటరులోనికి దిగిరావలెను. పుట ఫైలు దిగినను, దానికి జతచేసిన ఫొటో ఫైలు వేరుగా మబ్బులో మిగిలిపోయినచో ఆ చోట బొమ్మ సరిగా రాదు. పెన్‌డ్రైవులోనికి కాపీ చేయవలెనన్నను అసలు ఫైలు ముందు దిగవలసినదే. ఇంగ్లీషు ఉత్తరము ఏ ఫోనులోనైన తెరుచుకొనును. మన రెండు భాషల పుటలు అట్లు తెరుచుకొనవు. అందుచేత సొంత ప్రతి అవసరము ఇతరుల కన్న మనకే అధికము.

ఇది చిన్న పట్టణముల బాధ మాత్రమే అనుకొనరాదు. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపమున సముద్రగర్భ కేబుళ్లు తెగినపుడు భారతదేశమంతట ఇంటర్నెట్ కుంటుపడెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నమును తాకినపుడు మహానగరమే కరెంటు, ఫోను లేక దినముల తరబడి గడిపెను. నెట్ తిరిగి వచ్చును గదా అని ఓదార్చుకొందమన్నను, ఒక్కొక్కప్పుడు మబ్బే మాయమగును. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజాన్ నగరమున ప్రభుత్వ డేటా కేంద్రములో బ్యాటరీల వలన మంటలు చెలరేగినవి. ప్రభుత్వోద్యోగులు తమ పని కాగితములను దాచుకొను జీ-డ్రైవ్ అను నిలువ, 858 టీబీల సమాచారముతో సహా, నశించెను. పరిమాణము పెద్దదను కారణమున దానికి వెలుపల మరియొక ప్రతి ఉంచలేదు. సాంకేతిక విద్యలో అగ్రశ్రేణి దేశమునకు ఈ గతి పట్టినది. తమ డిస్కులో ఒక ప్రతి ఉంచుకొన్న ఉద్యోగి మరునాడు పని చేసికొనెను. ఉంచుకొనని వాడు చేతులు ముడుచుకొని కూర్చుండెను.

ఇక ఉపాయము. ఇది పెద్ద విద్య కాదు. పది నిమిషముల పని. విండోస్‌లో వన్‌డ్రైవ్ వాడువారు దాని సెట్టింగులలో సింక్ అండ్ బ్యాకప్ అను భాగమునకు పోయి, అడ్వాన్స్‌డ్ సెట్టింగులలో ఫైల్స్ ఆన్ డిమాండ్ క్రింద డౌన్‌లోడ్ ఆల్ ఫైల్స్ అనుదానిని ఎన్నుకొనవలెను. అంత చోటు లేనివారు తమకు ముఖ్యమైన ఫోల్డరుపై కుడి బటను నొక్కి, ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్ అనుదానిని ఎన్నుకొనిన చాలును. దీనిలో ఒక మేలు కలదు. ఆ ఫోల్డరులోనికి ఇక మీదట వచ్చు క్రొత్త ఫైళ్లు కూడ అదే ఆజ్ఞకు లోబడి తమంత తాము దిగును. విండోస్‌లో స్టోరేజ్ సెన్స్ అను మరియొక ఏర్పాటు ఉన్నది. అది 1, 14, 30 లేక 60 దినములుగా తెరువని ఫైళ్లను మరల మబ్బుకు పంపునట్లు అమర్చవచ్చును. నిండు ఆకుపచ్చ గుర్తు గల ఫైళ్ల జోలికి అది రాదు.

గూగుల్ డ్రైవ్ ప్రోగ్రామును కంప్యూటరులో పెట్టుకొన్నవారికి రెండు మార్గములు: స్ట్రీమ్ ఫైల్స్, మిర్రర్ ఫైల్స్. మొదటిది మబ్బు, రెండవది ముంత. మై డ్రైవ్‌ను మిర్రర్ చేసికొనవచ్చును. పలువురు కలిసి వాడు షేర్డ్ డ్రైవులకు ఆ వసతి లేదు గనుక, అందులో కావలసినవానిని ఆఫ్‌లైన్‌గా ఉంచుమని విడివిడిగా చెప్పవలెను. డ్రాప్‌బాక్స్‌లో క్రొత్త ఫైళ్లు ఏ విధముగా ఉండవలెనో ప్రిఫరెన్సులలోని సింక్ భాగమున ఒకేసారి నిర్ణయించుకొనవచ్చును. ఆపిల్ వారి మ్యాక్‌లో ఆప్టిమైజ్ మ్యాక్ స్టోరేజ్ అనుదానిని ఆపివేయవలెను; 2024 నుండి ఒక్కొక్క ఫోల్డరుకు కీప్ డౌన్‌లోడెడ్ అను ఆజ్ఞ కూడ వచ్చినది.

ఒక హెచ్చరిక ఇక్కడ అవసరము. గూగుల్ డాక్స్, షీట్స్‌లో వ్రాసినవి మిర్రర్ చేసినను డిస్కులో నిజముగా దిగవు. డిస్కులో కనిపించునది ఆ పత్రమునకు దారి చూపు చిన్న చీటీ మాత్రమే. వానిని నెట్ లేనప్పుడు చదువవలెనన్న క్రోమ్ బ్రౌజరులో ఆఫ్‌లైన్ వసతిని ముందుగా ఏర్పరచుకొనవలెను. లేదా ముఖ్యమైనదానిని వర్డ్‌గానో పీడీఎఫ్‌గానో దించుకొని దాచవలెను. పరీక్షకు ముందు రాత్రి ఈ భేదము తెలిసికొనుట కన్న ఇప్పుడే తెలిసికొనుట మేలు.

చోటు చాలదను భయము విద్యార్థులకు అనవసరము. ఉచితముగా లభించు వన్‌డ్రైవ్ చోటు 5 జీబీ. గూగుల్ ఇచ్చునది మెయిలు, ఫొటోలతో కలిపి 15 జీబీ. అది మొత్తము దించినను 256 జీబీ డిస్కులో ఒక మూలకు చాలదు. చందా కట్టి టీబీ చోటు తీసికొన్నవారు మాత్రము ఏది కావలెనో ఎన్నుకొనక తప్పదు. పెండ్లి వీడియోలు మబ్బులో ఉండనిండు. ప్రాజెక్టు, నోట్సు, సర్టిఫికెట్లు చేతిలో ఉండవలెను.

ఈ నియమము సొంత కంప్యూటరుకు మాత్రమే వర్తించునని మరువరాదు. ల్యాబులోను, నెట్ సెంటరులోను పలువురు వాడు యంత్రమున మన అకౌంటు పెట్టి ఫైళ్లను దించి పోయినచో, ఆధారు కార్డు మొదలు తల్లిదండ్రుల ఆదాయ పత్రము వరకు తరువాత కూర్చున్నవాని ఎదుట పరచినట్లే. అక్కడ బ్రౌజరులో పని ముగించుకొని సైన్ అవుట్ కావలెను. ఇంటికి ఒక ధర్మము, సత్రమునకు ఒక ధర్మము.

మరియొక పొరపాటు అభిప్రాయమును కూడ తొలగింపవలెను. డిస్కులో ప్రతి ఉన్నంతనే ఫైలు భద్రమని తలచరాదు. సింక్ అనగా అద్దము వంటిది. ఇక్కడ చెరిపినచో అక్కడను చెరుగును. చోటు కొరకు ఫోల్డరును డిలీట్ చేయువారు మబ్బులోని ప్రతిని కూడ పోగొట్టుకొందురు. చోటు మాత్రమే కావలెనన్న ఫ్రీ అప్ స్పేస్ అనుదానిని వాడవలెను. చెరిపినవి కొంతకాలము చెత్తబుట్టలో ఉండును: గూగుల్‌లోను, సొంత వన్‌డ్రైవ్‌లోను 30 దినములు, సంస్థలు ఇచ్చిన వన్‌డ్రైవ్‌లో సాధారణముగా 93 దినములు. ఆ పిదప ఆశ లేదు. కావున మబ్బులో ఒకటి, డిస్కులో ఒకటి, సింకుతో సంబంధము లేని పెన్‌డ్రైవులో ఒకటి, ఇట్లు మూడు ప్రతులు ఉండుట ఉత్తమము.

ఒక్క చోటిని నమ్మరాదను ఈ వివేకము క్రొత్తది కాదు. ఖుర్ఆను మొదట హాఫిజుల హృదయములలోను, ఖర్జూరపు మట్టలపైన, రాతి పలకలపైన విడివిడి వ్రాతలుగాను ఉండెను. క్రీ. శ. 633 ప్రాంతమున యమామా యుద్ధములో పలువురు కంఠస్థులు అమరులైరి. అది చూచి హజ్రత్ ఉమర్ (రజి) కలవరపడి, హజ్రత్ అబూబక్ర్ (రజి)ను ఒప్పింపగా, హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ఆ గ్రంథమును ఒకచోట వ్రాతలోనికి కూర్చిరి. తరువాత హజ్రత్ ఉస్మాన్ (రజి) ప్రతులు వ్రాయించి ముఖ్య నగరములకు పంపిరి. వ్రాసినంత మాత్రమున కంఠస్థము మానలేదు. కంఠస్థము ఉన్నదని వ్రాతను ఉపేక్షింపలేదు. మదీనాలో ప్రతి ఉన్నది గదా, కావలసినపుడు అడిగి తెలిసికొనుడని దూర నగరములవారితో చెప్పలేదు. ఎవరి ప్రతి వారి చెంత ఉండవలెననిరి. తెలుగున సి. పి. బ్రౌన్ (1798–1884) కడపలో పండితులను నియమించి, శిథిలమగుచున్న తాళపత్ర గ్రంథములకు కాగితములపై ప్రతులు వ్రాయించెను. తాటాకు మిగిలినను మిగులకున్నను గ్రంథము మిగులవలెనన్నదే ఆ శ్రమకు కారణము. ప్రతి అను మాటకు మన పూర్వులు ఇచ్చిన విలువ అట్టిది.

వీరందరి పనిలో ఒక సామాన్య లక్షణము కలదు. పూర్తిగా పోయిన పిదప వెదకుటకు బయలుదేరలేదు. ఉన్నపుడే ప్రతి తీసికొనిరి. ఆఫ్‌లైన్ నియమము మర్మము కూడ అంతే. నెట్ ఉన్ననాడు మాత్రమే దానిని ఏర్పరచుకొనగలము. నెట్ పోయిన నాడు ఆ సెట్టింగును మార్చినను దిగుటకు దారి ఉండదు. అవసరము తోచిన నాడు అవకాశము ఉండదు, అవకాశము ఉన్ననాడు అవసరము తోచదు. అందువలననే ఈ పనిని ప్రతి ఫైలుకు ప్రతి దినము జ్ఞాపకము పెట్టుకొని చేయుట కాక, ఒకేసారి నియమముగా మార్చివేయవలెనని మేము కోరుచున్నాము. జ్ఞాపకము మరచును, నియమము మరువదు.

కమిటీ పెద్దలకు మా మనవి చిన్నది. ప్రవేశముల కాలమున కంప్యూటరు ల్యాబులో ఒక గంట ఈ గుర్తుల పాఠమునకు కేటాయింపవలెను. కార్యాలయములోని స్కాలర్‌షిప్ జాబితాలు, టీసీ రిజిస్టర్ల స్కానులు, సంచిక పుటలు ఉన్న ఫోల్డర్లను ఆఫీసు కంప్యూటరులో ఎల్లప్పుడు ఉండునట్లు అమర్చవలెను. దీనికి నిధి అవసరము లేదు, తీర్మానము అవసరము లేదు. బాధ్యత గల ఒక గుమాస్తా, ఒక మధ్యాహ్నము చాలును.

విద్యార్థి మిత్రులారా! ఒంటెను కట్టివేసి ఆ పిమ్మట అల్లాహ్‌పై భారము వేయుమను ప్రవక్త (స) వారి బోధ మీరు ఇంటిలో విన్నదే. మబ్బుపై భారము వేయుటకు ముందు కట్టవలసిన త్రాడు ఒకటి ఉన్నది. ఈ సంచిక మీ చేతికి వచ్చిన దినముననే మీ ఫోల్డరు తెరిచి, ఫైళ్ల ప్రక్కన ఏ గుర్తు ఉన్నదో చూడుడు. మబ్బు కనిపించినచో నెట్ ఉండగనే ముంత నింపుకొనుడు.